ఆదత్తు అన్న మాటకు నేను రాసిన అర్థం

మీలో కొందరు ఈమధ్యే కోర్టుల్లో అనువాదకులుగా చేరారని విన్నాను. నేను ఆ పనిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉండి, రెండేళ్ళ కిందట బయటికొచ్చాను. బళ్ళారి జిల్లాలో ఆ ఉద్యోగం ఎందుకుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. జడ్జి మైసూరు వైపు నుంచి వస్తాడు. సాక్షి తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలోకి దిగి, కోపమొస్తే దక్కనీ ఉర్దూలో ముగిస్తాడు. అదంతా విని కోర్టు కన్నడంలో చెప్పడం నా పని. పక్కనున్న టైపిస్టు నేను చెప్పింది కొడుతుంది. జడ్జి చదివేది ఆ కాగితమే. అంటే సాక్షి ఏమన్నాడన్నది కాదు, నేను ఏమన్నానన్నదే కేసులో మిగులుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసునని ముప్పై ఏళ్ళపాటు అనుకున్నాను.

ఎవరి పేర్లూ చెప్పను. కోర్టు ఏ ఊరిదో కూడా వదిలేద్దాం. నేను బ్రూస్‌పేటలో ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి, ఖనిజం లారీల వెనక దుమ్ము తింటూ, కొండల నడుమ ఉన్న ఆ కోర్టుకు పోయి వచ్చేదాన్ని. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది.

కేసు చోరనూరు దాటిన తర్వాత వచ్చే ఒక చిన్న ఊరిది. అక్కడ పదిహేను ఇళ్ళ దూదేకులవాళ్ళు ఉన్నారు. పరుపులు కుట్టడం వాళ్ళ పాత పని. ఇప్పుడు పరుపులు దుకాణాల్లో దొరుకుతాయి కనుక చాలామంది గనుల్లో కూలికి పోతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, నమాజు చేస్తారు. వాళ్ళ శ్మశానం గుట్ట అంచున ఉంది. ఊరికీ దానికీ నడుమ ఒక తెలుగు రైతు కుటుంబం పొలముంది. ఎవరు చనిపోయినా ఆ పొలంలో ఒక కాలిబాట మీదుగానే మోసుకుపోయేవాళ్ళు. ఆ బాట ఏ పటంలోనూ లేదు. రైతు కొడుకు లారీలు పెట్టాడు. లారీలు నిలుపుకోవడానికి ఆ పొలం చదును చేసి, చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. బాట మూసుకుపోయింది.

కంచె వేసిన నెలకే ఒక ముసలమ్మ పోయింది. జనాజాను, అంటే శవాన్ని మోసే పెట్టెను, భుజాల మీద మోసుకుపోవాల్సిన వాళ్ళు దాన్ని ట్రాక్టర్లో పెట్టుకుని, గనుల రోడ్డు మీదుగా నాలుగు మైళ్ళు చుట్టూ తిరిగి, లారీల మధ్యలో తీసుకుపోయారు. ఆ తర్వాతే కేసు వేశారు.

కాగితం లేని దారికి చట్టంలో ఒకే ఆసరా ఉంది. తరతరాలుగా ఊరి ఆచారంగా, హక్కుగా నడుస్తూ వచ్చిందని తేలితే కోర్టు దాన్ని గుర్తిస్తుంది. కన్నడంలో దాన్ని ‘రూఢి’ అంటారు. అట్లా కాక, ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి నడిచామంటే అది వట్టి అలవాటు, ‘అభ్యాస’. దానికి ఏ హక్కూ రాదు. ఆ రెండు మాటల మధ్యే కేసంతా నిలబడి ఉంది. అది నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో చూడండి.

దూదేకులవాళ్ళ తరఫున ముఖ్య సాక్షి ఎనభై దాటిన పరుపుల తాత. ట్రాక్టర్లో పోయిన ముసలమ్మ ఆయన అక్క. తెల్లచొక్కా, చంకలో మడిచిన తువ్వాలు, ఒక కంట్లో పొర. ఆయన వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. ఆ పొద్దంతా నేను ఒక భార్యాభర్తల కేసులో నిలబడి ఉన్నాను. ఆ భార్య, మొగుడికి ‘తాగే ఆదత్తు’ ఉందని పదిసార్లన్నా చెప్పింది. పదిసార్లూ నేను ‘అభ్యాస’ అన్నాను. అది సరైనదే. మా బ్రూస్‌పేట బజారులో ఎవరిని అడిగినా ఆదత్ అంటే అలవాటే.

తాత చెప్పడం మొదలుపెట్టాడు. బాట ఎట్లా పోయేదీ, ఏ గట్టు దగ్గర తిరిగేదీ, తాను ఎవరెవరిని మోసిందీ వరసగా చెప్పాడు. చివర్లో, “జనాజా ఆ దోవనే పోవల్ల స్వామీ. అది మా ఆదత్తు” అన్నాడు.

నా నోరు దానంతట అదే ‘అభ్యాస’ అంది. టైపిస్టు కొట్టింది.

రైతు తరఫు లాయర్ పెన్ను మూత తీయడం నేను చూశాను. లేచి నిలబడి కన్నడంలో అడిగాడు: అయితే ఇది మీ అభ్యాసం మాత్రమే, అంతే కదా? దాన్ని నేను తెలుగు చేయాలి. నేను ‘అలవాటు’ అన్న మాట వాడి ఉంటే ఆ తాత అక్కడే కాదనేవాడు. కానీ సాక్షి మాటను సాక్షికే తిరిగి చెప్పడం మర్యాద అనుకునే రకం నేను. “ఇది మీ ఆదత్తే, అంతే గదా తాతా?” అన్నాను.

“ఔ స్వామీ. మా ఆదత్తే” అన్నాడాయన, కొంచెం గర్వంగా.

లాయర్ నవ్వుతూ కూర్చున్నాడు. తాత కూడా నవ్వుతూ నిలబడ్డాడు. ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. తాత తరఫు లాయర్ ధారవాడ వైపు నుంచి వచ్చిన చిన్న వయసువాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. తన సాక్షి తన కేసును చెడగొట్టాడని తల పట్టుకున్నాడు.

ఇంకో తప్పు కూడా ఉంది. పెద్దది అదే. వాంగ్మూలం అయ్యాక, టైపైన కాగితాన్ని సాక్షికి అతని భాషలో చదివి వినిపించి, సరేనంటేనే వేలిముద్ర తీసుకోవాలి. నేను చదివాను. కాగితం మీద ‘అభ్యాస’ ఉన్నచోట నా నోట ‘ఆదత్తు’ అనే వచ్చింది. తాత సరేనన్నాడు. బొటనవేలు వేశాడు. నేను తుడుచుకోమని పాత పేపరు ముక్క ఇచ్చి, బస్సుకు పరుగెత్తాను. చదివి వినిపించడమంటే ఏంటో తెలిసి, ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన మనిషిని. ఆ రోజు నేను కాగితాన్ని చదవలేదు. జ్ఞాపకాన్ని చదివాను.

రెండు వారాలు నాకు ఏమీ తెలియదు. నిద్ర బాగా పట్టింది.

మూడో ఆదివారం మా పాత మిషన్ గుడిలో ఒక అమ్మాయికి ప్రధానం జరిగింది. ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. పెద్దవాళ్ళ మధ్య ఒక చర్చ లేచింది. పెళ్ళికి ముందు అమ్మాయికి నలుగు పెట్టాలా, వద్దా అని. పాస్టరు గారు వద్దంటారు. అమ్మమ్మలు పెట్టాల్సిందే అంటారు. నా పక్కన కూర్చున్న నా స్నేహితురాలు, చాలా ఏళ్ళు మలేషియాలో నర్సుగా చేసి వచ్చినామె, అన్నం కలుపుతూ తేలిగ్గా అంది, “ఆడ మలయ్ వాళ్ళకైతే దీనికి ఒక మాటే ఉండాదక్కా. అదత్ అంటారు. పెండ్లికి అదత్, చావుకి అదత్. మతం యాడ నిలబడతాదో, అదత్ యాడ మొదలయితాదో వాళ్ళూ రోజూ కొట్లాడుకుంటారు.”

నేను ఆదత్తా అని అడిగాను. అవును, మన సాయిబులు అనేదే, అరబ్బీ మాటంట, అంది. అయితే అలవాటు అనేగా, అన్నాను.

ఆమె చేయి ఆగింది. “అలవాటు కాదక్కా. టీ తాగేది అలవాటు. అదత్ తప్పితే ఊరు నిన్ని లోపలికి రానీదు.”

నా విస్తరిలో అన్నం అట్లాగే ఉండిపోయింది. నేనేం తప్పు రాశానో నాకు ఒక్కసారిగా తెలిసిందని చెప్పను. నిజానికి తెలియలేదు. ఎక్కడో సముద్రం అవతల ఆ మాటకు ఆ అర్థమున్నంత మాత్రాన చోరనూరు అవతల కూడా ఉండాలని ఏముంది? ఇంటికి వస్తూ దారిలో గాజుల దుకాణంలో ఉర్దూ మాట్లాడే ముసలమ్మను అడిగాను. ఆదత్ అంటే ఆదతే, మా ఆయన బీడీలది, అంది. అంటే ఇటు ఒక అర్థం, అటు ఒక అర్థం. తాత ఏ అర్థంలో అన్నాడు? అడిగితే తెలిసేది. అడగడం నా పని. నేను అడగలేదు. ఆ సాయంత్రం నన్ను పట్టుకుని వదలనిది అదే.

తాతను పోయి ఇప్పుడు అడగొచ్చు కదా అనిపిస్తుంది మీకు. అది చేయకూడదు. కేసు నడుస్తుండగా అనువాదకురాలు సాక్షి ఇంటికి పోతే ఆ వాంగ్మూలం మొత్తం చెత్తబుట్టకే. నా చేతిలో ఉన్నది ఒకటే, జడ్జి గారికి రాసివ్వడం.

సోమవారం పొద్దున మా శిరస్తేదారుకు చెప్పాను. ఆయన ఆఫీసును నడిపే పెద్ద గుమాస్తా, రాయచూరు వైపు కన్నడిగుడు, నాతో పదేళ్ళు పనిచేసినవాడు, మనిషి చెడ్డవాడు కాదు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. వాంగ్మూలం మీద సాక్షి వేలిముద్ర ఉంది, జడ్జి సంతకం ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు, మీరెందుకు లేపుతున్నారు అన్నాడు. తప్పు రాశానని ఒప్పుకుంటే విచారణ వేస్తారు, ఎవరి దగ్గరన్నా ఏమన్నా పుచ్చుకున్నారేమో అంటారు, ఎనిమిది నెలల్లో రావాల్సిన పెన్షన్ ఎనిమిదేళ్ళు ఆగుతుంది అన్నాడు. అవన్నీ నిజాలే. అట్లా పెన్షన్ ఆగిపోయినవాళ్ళు ఇద్దరు మా ఇద్దరికీ తెలుసు.

“సుమ్ని ఇరి మేడం” అన్నాడు చివరికి. ఊరుకోండి అని.

నేను ఊరుకోలేదు కానీ అది ధైర్యం వల్ల అని అనుకోకండి. ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచించాను. తీర్పు వస్తుంది. ఆ ఊళ్ళో ఇంకెవరో పోతారు. ట్రాక్టర్ వస్తుంది. నేను అదే రోడ్డు మీద బస్సులో పోతూ ఉంటాను. ఆ బస్సు కిటికీలోంచి నేను ఆ ట్రాక్టర్ని చూడలేను. అంతే.

ఒకటిన్నర పేజీ రాశాను. ఆ మాటకు రెండు అర్థాలు ఉండవచ్చని, సాక్షి ఏ అర్థంలో వాడాడో నేను అడగలేదని, అడగకుండా ఒకదాన్ని ఎంచుకున్నానని. తర్వాత చదివి వినిపించిన సంగతి కూడా రాశాను. శిరస్తేదారు అది చూసి, ఆ రెండో ముక్క తీసేయండి, మొదటిది పొరపాటు అంటారు, రెండోది విధి తప్పడం అంటారు అన్నాడు. నేను తీయకుండానే ఇచ్చాను. ఆయన దాన్ని ఫైల్లో పెట్టేముందు మెల్లగా చెయ్యి చాపి, నా ముందు నీళ్ళ గ్లాసు పెట్టాడు. తర్వాత ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు.

గురువారం కేసు పిలిచారు. జడ్జి గారు నా కాగితాన్ని నిండు కోర్టులో చదివారు. ఆయనకు నలభై కూడా ఉండవు. ముఖంలో ఏమీ కనపడదు. నన్ను చూసి, రెండు వారాలు ఎందుకు పట్టింది, ఈలోపు ఎవరైనా మిమ్మల్ని కలిశారా అని అడిగారు. కలవలేదన్నాను. మరి ఎట్లా తెలిసింది? గుడిలో భోజనాల దగ్గర, మలేషియా మాటల్లో అని చెప్పాల్సి వచ్చింది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది, కానీ ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

రైతు లాయర్ లేచాడు. అనువాదకురాలి మతంలో కూడా శవాలను పూడ్చిపెడతారని, అందువల్ల ఆమెకు ఒక పక్షం మీద జాలి ఉండడం సహజమని, మర్యాదగా చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా మతం గురించి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. జడ్జి గారు ఆ మాట రికార్డులోకి పోదని చెప్పి, ఆర్డరు చెప్పారు. ఆ ఒక్క మాట మీదే సాక్షిని మళ్ళీ పిలవాలి. వేరే కోర్టు నుంచి వేరే అనువాదకుడు రావాలి. ఈమె మీద సంజాయిషీ నోటీసు వేరుగా నడుస్తుంది. ఆ రోజు ఈమె వెనక బెంచీలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు.

ఆ నోటీసు నా చేతికి వచ్చిన రోజు, నేను బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయాను.

పది రోజులకు ఆ దినం వచ్చింది. నేను వెనక బెంచీలో, ఊరి జనం మధ్య కూర్చున్నాను. కోర్టులో నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వచ్చిన అనువాదకుడు కుర్రవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నిఘంటువు చేతిలోంచి దించడం లేదు. నేను ఆ వయసులో అట్లా భయపడి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

జడ్జి గారే నేరుగా అడిగారు: పోయినసారి మీరు ఆదత్తు అన్నారు, దాని అర్థం ఏమిటి?

తాత పొర లేని కన్ను చిన్నది చేసి చూశాడు. “ఏ ఆదత్తు స్వామీ? నాకి బీడీ ఆదత్తు గూడా ఉండాది.”

కోర్టంతా నవ్వింది. బీడీకీ అదే మాట, దారికీ అదే మాట. రైతు లాయర్ అప్పుడే ఏదో రాసుకుంటున్నాడు. జడ్జి గారు, రెండింటికీ తేడా ఉందా అని అడిగారు.

తాత ఆలోచించాడు. చంకలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆయనకు ఎవరూ నేర్పిన జవాబు కాదది. అక్కడే, మా కళ్ళముందే వెతుక్కున్నాడు.

“బీడీ నాది ఒగనిదే స్వామీ. నేను ఇడిస్తే పాయ. ఈ దోవది నాది ఒగనిది కాదు. మేం జనాజా ఎత్తితే ఆ రైతులు కాలవ నీళ్ళు కట్టేస్తారు, మాకి బురద కాకుండా. గట్టుమీద కడవలో నీళ్ళు పెడతారు, బెల్లం పెడతారు. మేం వాళ్ళ సేన్లో కంకి ముట్టం, గడ్డిపోస పీకం. కోతలప్పుడు ఇంటికొగరు పోయి ఒగ దినం ఊరికే కోసిస్తాం. వాళ్ళ తాతా అట్లే సేసె, మా తాతా అట్లే సేసె. ఇద్దరూ పట్టుకుంటేనే ఆదత్తు. ఒగరే పట్టుకుంటే అది ఉత్త అలవాటు.”

కుర్రవాడు వెంటనే అనువదించలేదు. ఆగాడు. తాతను మళ్ళీ అడిగాడు, కడవ ఎవరు పెడతారు, ఎప్పటినుంచి, మీరు అడిగితే పెడతారా అడక్కుండా పెడతారా అని. ఒక్కొక్కటీ అడిగి, ఒక్కొక్కటీ చెప్పి, చివర్లో ‘రూఢి’ అన్నాడు. తర్వాత కాగితాన్ని వేలితో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాడు. ఎదురుగా గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఆ టైము నాకు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నం రైతు కొడుకు బోను ఎక్కాడు. యాభై ఏళ్ళవాడు, చేతికి పెద్ద వాచీ, మాట నిదానం. ఆ ధారవాడ లాయర్ ఇప్పుడు నిటారుగా నిలబడ్డాడు. ఒకే ప్రశ్న అడిగాడు: మీ అమ్మగారు గట్టు మీద కడవ పెట్టేవారా?

రైతు లాయర్ అభ్యంతరం చెప్పాడు. జడ్జి గారు ఆ అభ్యంతరాన్ని కొట్టేశారు. రైతు కొడుకు చేతివాచీ పట్టీ సర్దుకున్నాడు. అతను లేదని ఉంటే, అది అబద్ధమని నిరూపించేందుకు ఆ తాత మాట తప్ప ఏమీ లేదు. నాకు తెలిసి ఆ బోనులో ఇంతకన్నా చిన్న విషయాలకు జనం లేదన్నారు.

“పెట్టేది” అన్నాడు.

ఎప్పటిదాకా?

“నేను కంచె ఏసేదాక.”

జడ్జి గారు పెన్ను కింద పెట్టి, ఇద్దరు లాయర్లనూ చూసి, ఇక మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారా, నేను రాయాలా అని అడిగారు. నెల గడువు ఇచ్చారు.

రాజీ కుదిరింది. బాట ఉన్నచోటే ఉంటుంది. కంచె ఆ పక్క నుంచి తీసి, రెండు వైపులా గేటు పెడతారు, తాళం ఉండదు. లారీలు పొలం అవతలి అంచున నిలుస్తాయి. బాట హక్కు ఆచారం వల్ల వచ్చిందని డిక్రీలో రాశారు. రాజీ పత్రం మీద వేలిముద్రలు వేసే రోజు నన్ను మళ్ళీ నా కుర్చీలో కూర్చోబెట్టారు. తెలుగు చేసి వినిపించాల్సింది నేనే. ప్రతి అక్షరం కింద స్కేలు పెట్టుకుని చదివాను. శిరస్తేదారు అది చూసి అటు తిరిగి నవ్వుకున్నాడు.

వేలిముద్ర వేశాక తాతకు నేనే విషయం చెప్పాను. మీ మాట తప్పుగా రాసింది నేనేనని, ఈ ఆలస్యమంతా నా వల్లేనని. ఆయనకు అప్పటికే తెలుసట. వాళ్ళ లాయర్ చెప్పాడట. నాకు కోపం రాలేదమ్మా, నిన్ను పని నుంచి తీసేస్తారంట గదా అని మా ఇంట్లో బాధపడ్డాం అన్నాడు. తీసేయలేదని చెప్పాను. బొటనవేలు సిరా తువ్వాలుకే తుడుచుకుని, తనవాళ్ళ భుజం పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నన్ను జడ్జి గారు మధ్యాహ్నం చాంబరుకు పిలిచారు. సంజాయిషీ ఫైలు ముందుంది. తప్పు చిన్నది కాదన్నారు. చదివి వినిపించిన సంగతి నేనే రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదని కూడా అన్నారు. హెచ్చరికతో ఫైలు మూసేశారు. నేను బయటికొచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. నెలన్నరగా గుండెల మీద ఉన్నది దిగిపోయింది. దిగిపోయాక తెలిసింది ఎంత బరువో. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఏదైనా చెప్పమంటే, తెలిసిన మాట దగ్గరే ఆగమంటాను. తెలియని మాట దగ్గర అందరూ ఆగుతారు.

అప్పుడే రైతు కొడుకు వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను లేవబోయాను. తిడతాడనుకున్నాను, తిట్టడానికి హక్కుందని కూడా అనుకున్నాను. కూర్చోండని చెయ్యి ఊపాడు.

“నువ్వు రాసీకుంటే నేను గెలిచింటానమ్మా” అన్నాడు.

అవునన్నాను.

అతను వరండా స్తంభానికి ఆనుకున్నాడు. కంచె వేసినప్పటినుంచి వాళ్ళమ్మ తనతో మాట్లాడటం మానేసిందని చెప్పాడు. తిట్టలేదు, ఏడవలేదు. అతను ఇంటికి రాగానే లేచి లోపలికి పోతుందట. ట్రాక్టర్లో పోయిన ముసలమ్మా, ఆమే ఒక వయసువాళ్ళట. చేలో కలుపు తీసేటప్పుడు పక్కపక్కనే ఉండేవాళ్ళట.

“నా పెండ్లాము పెడ్తాది అన్నం. మాయమ్మ చేతి ముద్ద తిని ఏడు నెలలాయ” అన్నాడు. “గెలిచి ఇంటికి పోయింటే ఆమెకి ఏం సెప్పేది నేను?”

జేబులోంచి ఫోన్ తీశాడు. కొంచెం పక్కకు జరిగాడు కానీ మాటలు వినపడుతూనే ఉన్నాయి. ముందు ఇంట్లో ఇంకెవరో ఎత్తినట్టున్నారు, “అమ్మకి ఫోన్ ఈయి” అన్నాడు. ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను.

“అమ్మా, నేనే… అయిపాయ. రేపే తీపిస్తా కంచె… ల్యా, తాళం ల్యా, ఉత్త గేటు… ఊ… ఆ తాత కూడా ఉన్యాడు, బాగుండాడు…”

అవతల ఆమె ఏమడిగిందో నాకు వినపడలేదు. అతను రెండోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

“ఇంగా తిన్లేదుమా” అన్నాడు. “వస్తాండా. పెట్టు.”

ఫోన్ జేబులో పెట్టుకోకుండా, చేతిలో పట్టుకునే మెట్లు దిగి, జీపు దిక్కుకు నడిచాడు.